శ్వాసనాళంలో ట్యూబ్ వేసే ముందు ఎన్‌ఆర్‌బీఎం (సంచి ఉన్న ఆక్సిజన్ మాస్క్) సరిపోతుందా, బైపాప్ (మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపే మెషీన్) పెట్టాలా?

ఎమర్జెన్సీ పీజీ, రెండో సంవత్సరం
మొన్న నైట్ డ్యూటీలో న్యుమోనియాతో ఒకాయన వచ్చాడు. యాభై ఏళ్లు, 105 కిలోలు. ఎన్‌ఆర్‌బీఎం 15 లీటర్ల మీద నాలుగు నిమిషాలు ఉంచినా శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 93 దాటలేదు. కెటమిన్ (మత్తుమందు), స్కోలిన్ (కండరాలు సడలించే మందు, దీంతో ఊపిరి ఆగుతుంది) ఇచ్చి లారింగోస్కోప్ (గొంతులోకి చూసే పరికరం) పెట్టేలోపే 71. ట్యూబ్ పడింది, మనిషి దక్కాడు. కానీ మానిటర్ బీప్ బొంగురుగా దిగిపోతున్న చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. బైపాప్ పక్క బెడ్ దగ్గరే ఉంది. కడుపులోకి గాలి పోయి వాంతి చేసుకుంటాడేమోనని టెన్షన్‌తో ముట్టుకోలేదు. మీరైతే ఏం చేసేవారు?

అనస్థీషియా, 14 ఏళ్లుగా
తమ్ముడూ, నాలుగు నిమిషాలకి 93 దగ్గర ఆగిందంటే పదో నిమిషానికీ అక్కడే ఉంటుంది. చీము నిండిన గాలిగదుల్లోకి ఆక్సిజన్ చేరదు. ఆ బరువున్న మనిషిని వెల్లకిలా పడుకోబెడితే పొట్ట పైకి తోస్తుంది, ఊపిరితిత్తుల్లో నిల్వకి చోటు తగ్గిపోతుంది. పైగా ఎన్‌ఆర్‌బీఎం ముఖానికి సరిగా అతకదు, పక్కల నుంచి బయటి గాలి కలుస్తుంది.

ట్యూబ్‌కి ముందు ఈ రెండు పద్ధతుల్నీ పోల్చిన ప్రీఆక్సీ ట్రయల్ 2024లో వచ్చింది, చదువు. అమెరికాలో క్యాజువాల్టీలు, ఐసీయూలు కలిపి 24 చోట్ల 1301 మంది. శాచురేషన్ 85 కంటే కిందికి పడినవాళ్లు బైపాప్ తరహా వెంటిలేషన్‌తో 9.1 శాతం, మామూలు మాస్క్‌తో 18.5. నువ్వు భయపడ్డ ఆస్పిరేషన్ (వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవడం) బైపాప్‌తో 0.9 శాతం, మాస్క్‌తో 1.4. అంటే పెరగలేదు. అయితే డాక్టరు వద్దనుకున్నవాళ్లని అందులో చేర్చుకోలేదు. అప్పటికే వాంతులవుతున్నవాడికి నేనూ పెట్టను.

మెడికల్ ఆఫీసర్, జిల్లా ఆసుపత్రి
మాకున్న బైపాప్ ఒకటే, అదీ ఎప్పుడూ ఎవరికో పెట్టే ఉంటుంది. ఆంబుకి (చేత్తో నొక్కే గాలి సంచి) పీప్ వాల్వ్ (ఊపిరి వదిలాక కూడా లోపల కొంత ఒత్తిడి నిలిపేది) తగిలించి ఒకరు రెండు చేతులతో మాస్క్ బిగించి పట్టుకుంటారు, ఇంకొకరు బ్యాగ్ చూస్తారు. తలవైపు 25, 30 డిగ్రీలు ఎత్తుతాం. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా సగం మంది మర్చిపోతారు.

ఎమర్జెన్సీ పీజీ
థాంక్యూ మేడమ్. సార్, స్కోలిన్ పడ్డాక బైపాప్ తీసేయాలా?

అనస్థీషియా, 14 ఏళ్లుగా
అప్పుడే తీయకు. ఆ ట్రయల్‌లో లారింగోస్కోపీ మొదలయ్యేదాకా ఉంచారు. ఆక్సిజన్ 100, పీప్ కనీసం 5, పై ప్రెషర్ కనీసం 10, శ్వాస రేటు నిమిషానికి 10కి తగ్గకుండా. రేటు పెట్టడం మర్చిపోతే ఊపిరి ఆగాక కొన్ని మెషీన్లు చూస్తూ కూర్చుంటాయి. మీ మెషీన్‌లో రేటు పెట్టే మోడ్ ఎక్కడుందో పగలే ఒకసారి నొక్కి చూసుకో.