ఆడపిల్లల మధ్య ఆన్‌లైన్ వేధింపుల మీద హారర్ సినిమా: మీరైతే ఏం చూపిస్తారు?

కాజీపేట_జంక్షన్: రాత్రి 'అన్‌ఫ్రెండెడ్' (2014) మళ్లీ చూశాను. సినిమా అంతా ఒక ల్యాప్‌టాప్ స్క్రీన్ మీదే నడుస్తుంది. వీడియో నెట్‌లో పెట్టి పరువు తీస్తే చనిపోయిన అమ్మాయి, ఏడాదికి స్నేహితుల స్కైప్ కాల్‌లోకి వస్తుంది. మన హన్మకొండలో తీస్తే ఎట్లుంటది? తెలిసినవి రాయండి.

ఇంటర్_సెకండియర్: మా హాస్టల్‌లో ఫోన్లు ఉండవన్నా. ఔటింగ్‌కి ఇంటికొచ్చి అమ్మ ఫోన్ తీస్తే, ఎవరో నా ఫొటోతో ఫేక్ ఐడీ పెట్టి అబ్బాయిలకు మెసేజ్‌లు పంపుతున్నారని తెలిసింది. కింద నవ్వే ఎమోజీలు పెట్టినవాళ్లలో నా రూమ్మేట్ కూడా ఉంది. సాయంత్రం మళ్లీ పోయి ఆమె పక్క మంచం మీదే పడుకోవాలి. నాకు దయ్యం సీన్ల కన్నా అదే భయం.

భూపాలపల్లి_టీచరమ్మ: 1976 నాటి హారర్ సినిమా 'క్యారీ'లో ఆ పేరున్న అమ్మాయిని స్కూల్ స్నానాల గదిలో ఏడిపిస్తే ఆ గదిలో ఉన్నవాళ్లే చూశారు, 2013 రీమేక్‌లో అదే సంగతిని ఫోన్‌లో తీసి నెట్‌లో పెడతారు. మన దగ్గర ఇంకో భయం ఉంది. ఇంట్లో చెబితే నాన్న ఫోన్ గుంజుకుంటాడని, చదువు మాన్పించి సంబంధాలు చూస్తారని పిల్లలు నోరు విప్పరు. అమ్మ అన్నం పెడుతూ "ఏమైందే?" అని అడగడం, పిల్ల "ఏం లేదు" అనడం, ఆ సీన్ ఎవరైనా సరిగ్గా తీస్తే బాగుండు.

జమ్మికుంట_అన్న: ఈ సినిమాల్లో నాకు నచ్చనిది ఒక్కటే. బతికున్నప్పుడు ఎవరూ వినని పిల్లకు చచ్చాకే బలం వస్తుంది. పదిహేనేళ్ల అమ్మాయి అది చూసి ఏమనుకుంటుంది? ఆమె బతికి ఉండగానే ఎదురు తిరగాలి, భయం అవతలివాళ్లకు పట్టాలి.

భూపాలపల్లి_టీచరమ్మ: నిజం తమ్ముడూ. చెల్లె, ఆ ఐడీ మాయమయ్యేలోపు లింకు, స్క్రీన్‌షాట్లు దాచిపెట్టు. వరంగల్‌లో ఆడవాళ్ల వేధింపులు చూసే పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్ల, పిల్లల ఫిర్యాదులకు వేరే విభాగం ఉంది. పోలీసులంటే టెన్షన్ అనిపిస్తే ముందు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి.

ఇంటర్_సెకండియర్: స్క్రీన్‌షాట్లు అక్క ఫోన్‌లో ఉన్నాయి మేడమ్, నాన్నకు అక్కే చెప్పింది. ఇంకోటి, సినిమా తీస్తే రూమ్మేట్‌ను విలన్ చేయొద్దు. నవ్వకపోతే తర్వాత తననే ఏడిపిస్తారని భయపడి ఆ ఎమోజీ పెట్టానంది. నేనైతే ఆమెతో ఇంకా మాట్లాడట్లేదు.