కొత్త లెక్చరర్‌ని, టీచింగ్ అవార్డు సంగతి కాస్త చెప్పండి

ప్రశ్న (కొత్త సభ్యురాలు, మిడ్‌లాండ్స్, ఇంగ్లండ్)

అందరికీ నమస్కారం. హనుమకొండ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఆరేళ్లు పాఠాలు చెప్పి, సెప్టెంబరులో ఇక్కడ లెక్చరర్‌గా చేరాను. నాది పరిశోధన ఉద్యోగం కాదు. నియామకపత్రంలో ‘టీచింగ్ అండ్ స్కాలర్‌షిప్’ అని ఉంది. మొన్న విభాగం సమావేశంలో నేషనల్ టీచింగ్ ఫెలోషిప్ అనే జాతీయ స్థాయి బోధన పురస్కారానికి ఎవరి పేరు పంపాలని చర్చ జరిగింది. మన దగ్గర సెప్టెంబరు 5న ఇచ్చే ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారం, శాలువా, జ్ఞాపిక, ఫొటో తెలుసు. ఇది అలాంటిదిలా లేదు. నేనూ దరఖాస్తు చేయవచ్చా? ఈ స్కాలర్‌షిప్ అంటే నేను ఏమి చేయాలి? అడిగితే నవ్వుతారేమోనని అక్కడ నోరు విప్పలేదు.

జవాబు (షెఫీల్డ్)

అమ్మా, పద్నాలుగేళ్లుగా ఇక్కడ పాఠాలు చెబుతున్నాను కాబట్టి సూటిగా చెబుతాను: ఈ ఏడాదికి వద్దు. మీకు తగదని కాదు, చూపించడానికి చేతిలో ఇంకా ఏమీ ఉండదు.

ముందుగా, దీనికి ఎవరంతట వారు దరఖాస్తు చేసుకునే వీలు లేదు. విశ్వవిద్యాలయమే పేరు పంపాలి. ఒక్కో సంస్థ ఏడాదికి ముగ్గురిని మించి పంపకూడదు. మొత్తం మీద 55 మంది వరకే ఇస్తారు. అంటే మొదటి పోటీ మీ కారిడార్‌లోనే. 2000లో మొదలుపెట్టినప్పుడు 20 మందిని ఎంపిక చేసి తలా 50,000 పౌండ్లు ఇచ్చారు. తర్వాత ఆ మొత్తం బాగా తగ్గిపోయింది. ఇప్పుడు దీని విలువ ప్రమోషన్ దగ్గర తెలుస్తుంది. మన దగ్గర కాలేజీలో పాఠం చెప్పే ప్రతివారినీ ప్రొఫెసర్ గారూ అనేస్తాం. ఇక్కడ అది నిచ్చెన చివరి మెట్టు. పరిశోధన పత్రాల గుట్ట లేకుండా బోధన దారిలో ఆ మెట్టు ఎక్కాలనుకునేవారికి ఈ ఫెలోషిప్ గట్టి ఊతం.

స్కాలర్‌షిప్ అనగానే మనకు ఫీజు రీయింబర్స్‌మెంటు గుర్తొస్తుంది. నేనూ మొదట్లో అలాగే పొరబడ్డాను. ఇక్కడి అర్థం వేరు. 1990లో ఎర్నెస్ట్ బోయర్ అనే అమెరికా విద్యావేత్త, విద్వత్తు అంటే కొత్త విషయం కనిపెట్టడం ఒక్కటే కాదనీ, దాన్ని ఇతర శాస్త్రాలతో కలిపి చూడడం, జీవితానికి అన్వయించడం, బోధించడం కూడా విద్వత్తేననీ వాదించారు. మీ నియామకపత్రంలోని మాటకు వేరు అక్కడుంది. మామూలు భాషలో చెప్పాలంటే, మీ తరగతిలో పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో ప్రశ్నగా వేసుకుని, ఒక మార్పు చేసి, ఫలితాన్ని నిజాయతీగా కొలిచి, ఇతరులు చదివి తప్పు పట్టగలిగేలా రాయడం. బాగా పాఠం చెప్పి ఇంటికి వెళ్లిపోతే అది మంచి బోధన మాత్రమే.

పేర్లు కలిసి ఉన్నాయి కాబట్టి తికమక పడకండి: ఉన్నత విద్యలో బోధన ప్రమాణాలు చూసే అడ్వాన్స్ హెచ్‌ఈ సంస్థ ఇచ్చే మామూలు ‘ఫెలో’ గుర్తింపు వేరు, ఇది వేరు. అందులో అసోసియేట్, ఫెలో, సీనియర్, ప్రిన్సిపల్ అని నాలుగు అంతస్తులు. పోటీ లేదు, ప్రమాణం అందుకున్న ప్రతివారికీ వస్తుంది. ప్రొబేషన్ పూర్తి కావాలంటే అది ఉండాలని చాలాచోట్ల షరతు పెడతారు. మీ నియామకపత్రం మళ్లీ ఒకసారి చదవండి. మీ విశ్వవిద్యాలయమే కోర్సు నడుపుతుంటే సాధారణంగా మీ చేతి డబ్బు పెట్టనక్కరలేదు. ముందు దాని పని చూడండి. 2023లో ప్రమాణాల పత్రాన్ని సవరించారు కాబట్టి ఎవరో ఇచ్చిన పాత నమూనా చూసి రాయకండి.

ఇక నా కథ. మొదటి సంవత్సరం థర్మోడైనమిక్స్‌లో 180 మంది. పాఠం చివరి రెండు నిమిషాల్లో ఒక్కొక్కరికీ చిన్న కార్డు ఇచ్చి, ఇవాళ అర్థం కానిది ఒక్కటి రాయమనేవాణ్ని. పేరు రాయనక్కరలేదు. మొదటి వారం ఎంట్రోపీ మీద ఫిర్యాదులు వస్తాయనుకుంటే, నలభై కార్డుల్లో దాదాపు ఒకే మాట: ‘బోర్డు మీద గీసిన బొమ్మను మేము ఎక్కించుకునేలోపే తుడిచేస్తున్నారు.’ అయిదేళ్లుగా అలా తుడుస్తున్నాను, ఎవరూ చెప్పలేదు. మరుసటి పాఠంలో బొమ్మను ఒక పక్కన చివరిదాకా ఉంచాను. ఆ తర్వాతే అసలు శాస్త్రం మీద ప్రశ్నలు రావడం మొదలైంది. ప్రతి పాఠాన్నీ పది నిమిషాలు ఆ కార్డులకు జవాబులతో మొదలుపెట్టాను. కార్డులన్నీ చెప్పుల డబ్బాలో వేసేవాణ్ని. మూడేళ్లయ్యాక విభాగాన్ని వేరే భవనానికి మార్చారు. ఆ డబ్బా చెత్తతోపాటు పోయింది.

మరుసటి ఏడాది నా పేరు పంపుదామని అడిగారు. కథ మొత్తం నోటికి వచ్చు, చూపించడానికి కాగితం ముక్క లేదు. ఎంపిక చేసేవారు చూసేది మూడు విషయాలు: ఎంతమందికి చేరింది, వారికి దానివల్ల ఏమి ఒరిగింది, చివరికి ఏమి మారింది. నా దగ్గర మొదటిదానికి మాత్రమే అంకె ఉంది. లోపలి వడపోతలోనే ఆగిపోయాను.

ఇంకో కారణం కూడా ఉంది, అది మన పెంపకంలోది. నా పత్రంలో ఎక్కడా ‘నేను’ లేదు. తెలుగులో ‘చేశాను’ అంటే చాలు, చేసిందెవరో క్రియలోనే ఉంటుంది. ఇంగ్లీషులో రాసేటప్పుడు సైన్సు పత్రాల అలవాటుతో ‘ఈ పద్ధతి ప్రవేశపెట్టబడింది’ అన్నట్టు రాశాను. మిగిలిన చోట్ల ‘మేము’. తన డప్పు తాను కొట్టుకోకూడదని నేర్పిన ఇంట్లో పుట్టాం మరి. చదివిన పెద్దమనిషి ఒక్క ప్రశ్న వేశాడు: ‘ఇంతకీ ఇదంతా చేసిందెవరు?’ నాకు కోపం వచ్చింది. ఇంటికి వెళ్లి చదువుకుంటే ఆయన అడిగినదాంట్లో తప్పేమీ కనబడలేదు.

కాబట్టి కార్డులు మొదలుపెడితే ఏ రోజువి ఆ రోజే ఫొటో తీసి దాచండి. వాటిమీద వ్యాసం రాయాలన్న ఆలోచన ఏమాత్రం ఉన్నా, మొదలుపెట్టకముందే నైతికత కమిటీ (పరిశోధనలో పాల్గొనేవారికి అన్యాయం జరగకుండా చూసే కమిటీ) అనుమతి తీసుకోండి. పోగుచేశాక అడిగితే సాధారణంగా ఒప్పుకోరు.

జవాబు (కార్డిఫ్)

షెఫీల్డ్ అన్నయ్యగారితో ఒక్కచోట నాకు పేచీ. జాతీయ ఫెలోషిప్‌కు ఆగమనండి, సరే. కానీ విశ్వవిద్యాలయం లోపల ఇచ్చే చిన్న అవార్డులకు, బోధనలో మార్పుల కోసం ఇచ్చే కొద్దిపాటి నిధులకు ఈ ఏడాదే ప్రయత్నించవచ్చు. ఆ దరఖాస్తు రాయడమే సాధన. ‘నేను’ అని రాయడం అక్కడే అలవాటవుతుంది. ఒంటరిగా చేయడం బెరుకైతే బృందాలకు ఇచ్చే అవార్డు, కేట్ అంటారు, 2016 నుంచి ఉంది. లైబ్రేరియన్లు, ప్రయోగశాల సిబ్బంది, విద్యార్థులు కూడా అందులో భాగం కావచ్చు. మన ఆడవాళ్లు బృందంలో పనంతా చేసి పేరు చివర పెట్టించుకుంటారు. ఆ పని మాత్రం చేయకండి.

విద్యార్థి సంఘం ఇచ్చే అవార్డులు వస్తే సంతోషించండి, అదే ఆధారమని నమ్ముకోకండి. పిల్లలకు నచ్చడం వేరు, వారు నేర్చుకోవడం వేరు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక సందేహం. హనుమకొండలో నా తరగతిలో తెలుగు మీడియం నుంచి వచ్చినవారు చాలామంది. ఇంగ్లీషులో అడిగితే తల దించుకునేవారు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, లెక్కను ముందు తెలుగులో ఒకరికొకరు చెప్పుకుని, తర్వాత ఇంగ్లీషులో రాయమనేదాన్ని. అది బతకడానికి చేసిన ఉపాయం. దాన్ని కూడా ఇక్కడ చెప్పుకోవచ్చా?

జవాబు (షెఫీల్డ్)

అమ్మా, ఇంత మంచి సంగతిని ఉపాయం అని చిన్నది చేస్తున్నారు, నేను చెప్పిన జబ్బు ఇదే. మీ తరగతిలో చైనా నుంచి, గల్ఫ్ నుంచి వచ్చిన పిల్లలు లేరా? వారూ అలాగే తల దించుకుంటున్నారు. ఆ పద్ధతినే వారితో చేసి చూడండి. అక్కడ ఆరేళ్లు చేసినది మీ ఆలోచన ఎక్కడ పుట్టిందో చెప్పడానికి పనికొస్తుంది. ఆధారం మాత్రం ఇక్కడి తరగతి నుంచి రావాలి.

ప్రశ్న అడిగినవారు

నా వరసల్లో మూడోవంతు వాళ్లే. అనుమతి పత్రం సోమవారం అడుగుతాను. ఈలోగా నా పాఠం మెరుగుపరచుకోవడానికని కార్డులు మాత్రం తెచ్చాను. 140 మందికి వంద చొప్పున రెండు కట్టలు, పసుపు రంగువి.

జవాబు (షెఫీల్డ్)

పసుపు మంచిదే. ఇచ్చేముందు వెనకాల తేదీ వేయండి, నేను వేయలేదు.