పలాస జీడి షెడ్లలో పని అనుభవం: మాట రికార్డు చెయ్యాలా, బొమ్మ గీయించాలా?

నాగావళి: పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల పని అనుభవం రాద్దామనుకుంటున్నాం. ఒక్కొక్కరి మాట రికార్డు చెయ్యాలా, అందరిచేతా మనిషి ఒళ్లు బొమ్మగా గీయించి నొప్పులు గుర్తు పెట్టించాలా?

టెక్కలి మాస్టారు: బొమ్మే. రెండు చార్టులు అతికించి, ఒకామెను పడుకోబెట్టి చుట్టూ గీత గియ్యండి. వీపువైపుకి ఇంకోటి. కాలినచోట ఎర్రచుక్క, నొప్పికి నీలం. ఎనిమిది, పదిమంది చాలు. కొట్టేవాళ్లూ పొట్టు తీసేవాళ్లూ వేరుగా కూచోవాలి. కలిపితే ఏ పని ఏం చేస్తోందో తెలీదు.

మహేంద్రతనయ: మొదటామె చుక్క పెట్టినచోటే అందరూ పెడతారు.

టెక్కలి మాస్టారు: ముందు ఎవరికి వాళ్లకి చిన్న బొమ్మ ఇచ్చి, తర్వాత పెద్దదానిమీద ఎక్కించాలి.

మహేంద్రతనయ: అయినా చుక్క ఎక్కడో చెప్తుంది గానీ ఎందుకో చెప్పదు. పిక్క పెంకులోంచి కారే జీడిరసానికి వేళ్లు కాలుతున్నా గ్లౌజులు ఎందుకు తీసేస్తారు? తొడుక్కుంటే పప్పు వేలికి తెలీదు, చెయ్యి నెమ్మదిస్తుంది, కిలో లెక్కన వచ్చే కూలి తగ్గుతుంది. అందుకే బూడిద రాసుకుని కొడతారు. ఈ మాట రావాలంటే గంటన్నర కూచోవాలి. "మీ కష్టాలేటి" అంటే అందరికీ చెప్పేదే చెప్తారు. "పొద్దున పీటమీద కూచోగానే మొదట ఏం చేస్తారు" అని అడగండి.

కాశీబుగ్గ అక్క: షెడ్డులో రికార్డు చెయ్యకండి, కట్టర్ల చప్పుడే వినబడతాది.

టెక్కలి మాస్టారు: రికార్డు చేసినా అది ఒకామె మాటే. "ఆమెకు ముందునుంచీ ఒంట్లో బాలేదు" అని కొట్టిపారేస్తారు. పదిమంది చుక్కలు ఒకేచోట పడితే కొట్టెయ్యలేరు. 1960ల్లో ఇటలీ టూరిన్‌లో ఇవార్ ఒడ్డోనే అనే డాక్టరు కార్ల కార్మికులతో చేసిందిదే. ఒకే పని చేసే గుంపు కూచుని, తాము కలిసి ఔనన్నదే లెక్కలోకి తీసుకుంది.

మహేంద్రతనయ: సగమే చెప్పారు! ఆరోగ్యం సంగతి నిపుణుడికి వదిలెయ్యకూడదన్నది కూడా వాళ్ల సూత్రమే. మీ రంగులు ఎవరు ఎంచారు? మీరే. పిక్కలు వేయించేచోట పొగకి ఊపిరాడకపోతే, దానికి రంగేది?

టెక్కలి మాస్టారు: మీ రికార్డింగు ఎవరి ఫోనులో ఉంటుందో అది చెప్పండి ముందు. పేరు మార్చినా మేస్త్రీ గొంతు పట్టేస్తాడు. మర్నాడు ఆమెకి పని ఉండదు.

మహేంద్రతనయ: అది నిజం. రాసింది ఆమెకే చదివి వినిపించి, వద్దన్నది తీసేసి, గొంతు చెరిపెయ్యాలి. రాత ప్రతి ఆమె దగ్గరే ఉండాలి.

కాశీబుగ్గ అక్క: ఇద్దరూ ఒక్కటి మరిచారు. బొమ్మకి రెండు గంటలు, మాటకి గంటన్నర. ఆ పూట కూలి ఎవరిస్తారు?

నాగావళి: ఆదివారం పెట్టుకుంటేనో అక్కా?

కాశీబుగ్గ అక్క: ఆదివారం ఇంటి చాకిరీ ఉంటాది బాబూ. పూట కూలి లెక్కగట్టి ఇచ్చెయ్యండి. ముందు నలుగురిని కూచోబెట్టి ప్రశ్నలు వాళ్లచేతే చెప్పించండి, రంగులు కూడా. మేస్త్రీని పిలవకండి.