తిరస్కరించిన రాజీ ప్రతిపాదన వల్ల ఖర్చులు నా మీద పడతాయా?

ఇంగ్లండ్ సివిల్ కోర్టులో నేను వేసిన నష్టపరిహారపు దావాలో ప్రతివాది పార్ట్ 36 (అక్కడి సివిల్ కోర్టు నియమాల్లో రాజీ ప్రతిపాదనలకు సంబంధించిన భాగం) కింద 20,000 పౌండ్లకు రాజీ ప్రతిపాదన పంపగా, అది తక్కువని భావించి 21 రోజుల గడువులో నేను అంగీకరించలేదు. తీర్పులో అంతకు మించి రాకపోతే, అది అన్యాయమని కోర్టు భావిస్తే తప్ప, గడువు ముగిసిన నాటి నుంచి ప్రతివాదికైన ఖర్చులను వడ్డీతో సహా నేనే చెల్లించవలసి ఉంటుందని చదివాను. గెలిచి కూడా చెల్లించడం మింగుడుపడకపోయినా, నియమం ఉద్దేశం అర్థమైంది.

నా సందేహం వేరు. ప్రతిపాదన వచ్చేనాటికి ప్రతివాది కీలక పత్రాలను ఇంకా వెల్లడించలేదు కనుక, దావా విలువను సరిగా అంచనా వేసే వీలు నాకు లేకపోయింది. ఈ కారణాన్ని కోర్టు ఎంతవరకు పరిగణిస్తుంది? ప్రతిపాదనను వారు ఇంకా ఉపసంహరించుకోలేదు. ఇప్పుడు ఆలస్యంగా అంగీకరిస్తే గడువు తర్వాతి ఖర్చులు ఎవరు భరించాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.