రూ.500 లోపు షేవింగ్ బ్రష్: పంది వెంట్రుకదా, సింథటికా?

కపిలతీర్థం_రోడ్డు:
డబ్బా ఫోమ్ మానేసి బ్రష్‌కి మారాలనుకుంటున్నా. బడ్జెట్ 500. మాది తిరుపతి, ఇంట్లో బోరు నీళ్లే, సబ్బు సరిగా నురగ రాదు. పంది వెంట్రుకల బ్రష్ కంపు కొడుతుందని, రాలుతుందని కొందరు, అదే మేలని కొందరు అంటున్నారు. ఏది తీసుకోమంటారు?

చంద్రగిరి_రేజర్:
సింథటిక్ తీసుకో అన్నా. నానబెట్టే పని లేదు, వాసన రాదు, విదిలిస్తే తొందరగా ఆరిపోతుంది. పొద్దున్నే డ్యూటీకి పోయేవాళ్లకు అదే సుఖం. పంది వెంట్రుక ఇంట్లోకి రాకూడదనే వాళ్లుంటే ఇక ఆలోచనే వద్దు.

పాత_సబ్బు:
ఇంట్లో అభ్యంతరం ఉంటే సింథటికే, అందులో వాదన లేదు. లేదంటే ఈ ధరలో నా ఓటు పంది వెంట్రుకకే. ఇటలీ ఒమేగా, పోర్చుగల్ సెమోగ్ అనే బ్రష్ కంపెనీలు పేరు తెచ్చుకున్నది దీనితోనే. చవకని తీసిపారేయొద్దు. గట్టి సబ్బు బిళ్ల మీద తిప్పితే సబ్బును బాగా గీరి ఎత్తుకుంటుంది, గడ్డం వెంట్రుకల్ని నిలబెడుతుంది.

జనం విసిగిపోయేది నానబెట్టకపోవడం వల్ల. ఈ వెంట్రుక నీళ్లు పీలుస్తుంది. పొడిగా మొదలుపెడితే నురగలో నీళ్లన్నీ అదే తాగేసి, ముఖం మీద పేస్టు మిగులుతుంది. గోరువెచ్చని నీళ్లలో 3 నిమిషాలు, వెంట్రుకలు ముప్పావు భాగం మునిగేలా ఉంచు. పిడి మొదలు మునగకూడదు, అక్కడే జిగురు ఉంటుంది. మరిగే నీళ్లు పోస్తే జిగురు వదులుతుంది. తీసి రెండుసార్లు విదిలించి, సబ్బు మీద 30 సెకన్లు తిప్పు. క్రీమయితే బాదం గింజంత చాలు. తర్వాత నీళ్లు చుక్క చుక్కగా కలుపుకుంటూ పో.

కొత్తది మూడు నాలుగు వారాలు గుచ్చుకుంటుంది. వాడేకొద్దీ కొసలు చీలి మెత్తబడతాయి, మొదళ్లు మాత్రం గట్టిగానే ఉంటాయి. కంపు పోవాలంటే షాంపూతో కడిగి, సబ్బు నురగ పట్టించి రాత్రంతా వదిలెయ్. రెండు మూడు సార్లకు పోతుంది.

చిత్తూరు_కత్తి:
గాంధీ రోడ్డులో కొంటే చేత్తో పట్టుకుని చూడన్నా. పెట్టె మీద 'బ్రిసిల్' అని ఉన్నంత మాత్రాన పంది వెంట్రుక కాదు, నైలాన్‌నూ అట్లే అమ్ముతారు. నల్ల పట్టీ రంగేసి బ్యాడ్జర్ (ఖరీదైన బ్రష్‌లకు వాడే ఒక జంతువు వెంట్రుక)లా కనిపించేవీ ఉన్నాయి. కొన్నాక ఒక్క వెంట్రుక తీసి కాల్చు. జుట్టు కాలిన వాసనొచ్చి నలిపితే పొడయితే అసలుది, కరిగి గట్టి పూసయితే నైలాన్.

కుచ్చు మొదలు వెడల్పు 22–24 మి.మీ., వెంట్రుకల పొడవు 50–57 మి.మీ. ఉంటే ముఖం మీదే నురగ తీసుకోవడానికి బాగుంటుంది. గిన్నెలో కలిపేవాళ్లకు ఇంకాస్త పొడవున్నా ఫరవాలేదు. పిడి ప్లాస్టిక్‌దే తీసుకో, వార్నిష్ సరిగా లేని చెక్క నీళ్లకు ఉబ్బి పగులుతుంది. మొదట్లో నాలుగైదు వెంట్రుకలు రాలడం మామూలే. గుత్తిగా ఊడొస్తే జిగురు లోపం, అదే రోజు మార్చుకో.

చంద్రగిరి_రేజర్:
మరి బోరు నీళ్ల సంగతి? ఆ సున్నం కుచ్చు మొదట్లో పేరుకుంటుంది గదా?

పాత_సబ్బు:
పేరుకుంటుంది, సింథటిక్‌లోనూ పేరుకుంటుంది. నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి కరగని తెల్లటి మడ్డి అవుతుంది. అది బ్రష్ తప్పు కాదు, నీళ్లది. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చెంచా వెనిగర్ కలిపి నెలకోసారి 5 నిమిషాలు ముంచి కడిగితే పోతుంది. గడ్డానికి పట్టే నీళ్లు ఒక మగ్గే కాబట్టి, ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లు వాడితే నురగ సమస్యే ఉండదు.

కపిలతీర్థం_రోడ్డు:
మా బాత్‌రూంకి కిటికీ లేదు. ఆరుతుందా?

పాత_సబ్బు:
అక్కడ పెట్టొద్దు అన్నా. నీళ్లు పిండి, తువ్వాలు మీద నాలుగు దెబ్బలు కొట్టి, గాలి తగిలే గట్టు మీద పెట్టు. ఎండలో వద్దు. మూత డబ్బాలో తడిగా పెడితే మాత్రం బూజు పడుతుంది. బయట పెట్టే వీలు లేకపోతే చంద్రగిరి అన్న చెప్పిన సింథటికే తీసుకో.