‘అ గమ్రైస్’లో గకారం ఎక్కడిది?

ప్రశ్న: 1850లో కార్డిఫ్‌లో మొదలై రెండేళ్లలోనే ఆగిన వెల్ష్ మహిళా పత్రిక ‘అ గమ్రైస్’. ‘వెల్ష్ స్త్రీ’ అని అర్థం. నిఘంటువులో జి అక్షరం కింద ఆ మాట లేదు. పురుషుణ్ని ‘కమ్రో’ అంటారు కదా, స్త్రీకి గ ఎలా వచ్చింది? మన గసడదవాదేశం లాంటిదా?

జవాబు: సి కింద వెతకండి, ‘కమ్రైస్’ దొరుకుతుంది. ముందున్న ‘అ’ వాళ్ల ఆర్టికల్, ఇంగ్లిష్ ‘ది’ లాంటిది. దాని తర్వాత స్త్రీలింగ ఏకవచనం వస్తే మొదటి హల్లు మెత్తబడుతుంది: క→గ, ప→బ, ట→డ, బ→వ, మ→వ. ‘కాథ్’ (పిల్లి) ‘అ గాథ్’ అవుతుంది, ‘మెర్ఖ్’ (అమ్మాయి) ‘అ వెర్ఖ్’. పుంలింగానికి ఈ మార్పు లేదు, అందుకే ‘అ కమ్రో’ అలాగే ఉంటుంది. తిప్పలు పెట్టేది గకారంతో మొదలయ్యే మాట. అది మెత్తబడదు, ఎగిరిపోతుంది: ‘గార్ధ్’ (తోట) కాస్తా ‘అర్ ఆర్ధ్’ (అచ్చు ముందు ఆర్టికల్ ‘అర్’ అవుతుంది). కాబట్టి అచ్చుతో మొదలైన మాట దొరక్కపోతే ముందు గ చేర్చి చూడండి. వ వినిపిస్తే బ, మ రెండూ చూడాలి.

మరొకరు: గసడదవాదేశం కాదండీ. అందులో ప→వ (ఊరు+పల్లె=ఊరువల్లె), చ→స. వెల్ష్‌లో ప→బ కాబట్టి పోలిస్తే సరళాదేశంతో పోల్చాలి: పూచెను+కలువలు=పూచెఁ గలువలు. మనకు ద్రుతం ఉండాలి, వాళ్లకు లింగం చాలు. పుట్టుక మాత్రం సంధే. వెల్ష్‌కు మూలమైన పాత కెల్టిక్‌లో స్త్రీలింగ ఆర్టికల్ చివర అచ్చు ఉండేది, రెండు అచ్చుల మధ్య పడ్డ హల్లు మెత్తబడింది. పుంలింగంలో చివర స్ ఉండి అడ్డుపడింది. తర్వాత ఆ చివరలు రాలిపోయాయి, మార్పు మిగిలింది.

ఇంకొకరు: ఆ పేరే ఎందుకు పెట్టారో కూడా చూడాలి. 1847లో వేల్స్ చదువులపై ప్రభుత్వ నివేదిక వచ్చింది. విచారించిన ముగ్గురికీ వెల్ష్ రాదు. అందులో వెల్ష్ ఆడవాళ్ల నడతపై నిందలు. నీలి అట్టల ఆ సంపుటాలకు ‘నీలి పుస్తకాల ద్రోహం’ అన్న పేరు స్థిరపడింది. వాటిని ఎదిరించి రాసిన మతబోధకుడు ఎవన్ జోన్స్, ఆగస్టా హాల్ (తర్వాత లేడీ లానోవర్) అండతో ఈ పత్రిక పెట్టాడు. నింద మోసినవాళ్ల పేరునే అట్ట మీద వేశాడన్నమాట. ఇల్లు, నడత, మద్యనిషేధం గురించిన హితబోధ ఎక్కువ, నా దృష్టిలో కాస్త మోతాదు మించింది కూడా.

కేటలాగులో జాగ్రత్త: 1896లో ఇదే పేరుతో వేరే పత్రిక వచ్చింది, సంవత్సరం చూడకపోతే రెండూ కలిసిపోతాయి. 1879 నాటి ‘అ వ్రథోనెస్’ను బి కింద వెతికితే దొరకదు, పత్రికల పేర్లు మారిన రూపంలోనే అచ్చవుతాయి.

మొదట అడిగినవారు: అంటే నిఘంటువులో మూలరూపం, కేటలాగులో మారిన రూపం. మరి 1852లో ఇది ఇంకో పత్రికతో కలిసి ‘తవసిధ్ ఆర్ గమ్రైస్’ అయినప్పుడు ఆ ‘అ’ ఏమైంది?

జవాబు: ‘ఆ’ అంటే ‘మరియు’. దాని తర్వాత ఆర్టికల్ ఒట్టి ‘ర్’గా అంటుకుంటుంది. ముందు ర్ ఉన్నా గకారం అలాగే నిలిచింది చూడండి, లింగం మారలేదు కదా.