కోవెంట్రీ క్లైమాక్స్ వీ8 శబ్దం: క్రాస్-ప్లేనా, ఫ్లాట్-ప్లేనా, ఎలా తేల్చాలి?

1.5 లీటర్ల ఫార్ములా వన్ కాలపు ఒక శబ్ద రికార్డింగులో ఉన్నది బ్రిటిష్ కంపెనీ కోవెంట్రీ క్లైమాక్స్ వారి 1962 నాటి వీ8 ఇంజినా, 1963 నాటిదా అన్నది తేల్చాలి. అంతకుముందున్న క్రాస్-ప్లేన్ క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు; దీని మడతలు 90 డిగ్రీల తేడాతో శిలువ ఆకారంలో ఉంటాయి) బదులు క్లైమాక్స్ వాళ్లు 1963లో ఫ్లాట్-ప్లేన్ (మడతలన్నీ 180 డిగ్రీల తేడాతో ఒకే తలంలో ఉండేది) పెట్టారు కాబట్టి తేడా వినబడాలి. కానీ చిక్కంతా ఎగ్జాస్ట్ పైపుల్లోనే ఉంది.

వీ8లో సిలిండర్లు నాలుగేసి చొప్పున రెండు వరుసల్లో ఉంటాయి. క్రాస్-ప్లేన్‌లో ఒక్కో వరుసలోని నాలుగు సిలిండర్లు 180, 90, 180, 270 డిగ్రీల తేడాతో మండుతాయి. వరుసకో పైపు కలిపితే 8,500 ఆర్‌పీఎం దగ్గర 212, 354 హెర్ట్జ్‌లు బలంగా వస్తాయి, 283 దాదాపు చచ్చిపోతుంది. అమెరికన్ వీ8 గుడగుడ అదే. ఫ్లాట్-ప్లేన్‌లో 283 ఒక్కటే రాజ్యమేలుతుంది. కారు వేగం వల్ల శ్రుతి మారినా ఈ మూడింటి మధ్య 3:4:5 నిష్పత్తి మారదు, కాబట్టి పట్టుకోవడం తేలికే అనుకోవచ్చు.

అయితే రేసు క్లైమాక్స్‌లో రెండు వరుసల పైపులను అడ్డంగా దాటించి, ప్రతి గొట్టానికీ సరిగ్గా 180 డిగ్రీలకోసారి పేలుడు అందేలా కలిపారు. దాంతో క్రాస్-ప్లేన్ కూడా ఫ్లాట్-ప్లేన్‌లాగే అరుస్తుంది!

పైపుల పొడవుల్లో చిన్న తేడాల వల్ల 212 దగ్గర ఆనవాలేమైనా మిగులుతుందా? ఫ్లాట్-ప్లేన్ అడ్డకుదుపు (పిస్టన్ల కదలిక వల్ల ఇంజిన్ పక్కలకు అదరడం) కూడా 283 దగ్గరే పడుతుంది కాబట్టి మైకుతో దాన్ని విడదీయలేం. బ్లాకుకు పక్కగా కంపన సెన్సర్ బిగించి ఇలాంటి ఇంజిన్‌ను కొలిచినవారెవరైనా ఉంటే, ఏ ఆర్‌పీఎం దగ్గర తేడా స్పష్టంగా కనబడిందో చెప్పగలరా?